సంగీత పత్రికా నిర్మాణము: విద్యార్థికొక అభ్యాసము

సంగీతము చెవికి చెందినది. పత్రిక కంటికి చెందినది. ఈ రెంటి నడుమనున్న దూరమును దాటుట ఎట్లు? సంగీత పత్రికను తలపెట్టిన ప్రతివారును మొట్టమొదట ఎదుర్కొను ప్రశ్న ఇదియే. పుట పలుకదు. దానిపై తంబుర చిత్రమును ముద్రించినంత మాత్రమున శ్రుతి వినబడదు. అయినను మంచి పత్రికను తెరచినపుడు కచేరీ చెంత కూర్చున్న భావము పాఠకునికి కలుగును. ఆ భావమును కలిగించుటకు పుటను కూర్చువాడు, చిత్రమును తీయువాడు, వ్యాసమును వ్రాయువాడు ముగ్గురును కలిసి శ్రమింపవలెను. ఆ ముగ్గురును ఒక్కరే అయినచో ఆ శ్రమ ఒక విద్య యగును.

ఇంగ్లండులో ఓ.సి.ఆర్. అను పరీక్షామండలి 2008లో ప్రారంభించిన మాధ్యమ అధ్యయన పాఠ్యక్రమము విద్యార్థులకు ఇట్టి అభ్యాసమునే విధించినది. ఒక క్రొత్త సంగీత పత్రికను వారు కల్పింపవలెను. పత్రిక మొత్తము అక్కరలేదు. ముఖపత్రము, విషయసూచిక, ఎదురెదురుగా నుండు రెండు పుటల వ్యాసము, ఇంతియే. కాని ఒక నిబంధన కఠినమైనది. చిత్రములును వ్రాతయును సర్వము విద్యార్థి స్వయముగా సృష్టించినవే కావలెను. చిత్రములు నాలుగింటికి తక్కువ కారాదు. ప్రముఖ గాయకుని చిత్రమును ఎక్కడినుండియో తెచ్చి అతికించుట చెల్లదు. ఈ నిబంధన పరీక్ష కొరకు పుట్టినదే అయినను దీని లోతు పరీక్షను మించినది. తెలుగు రచయితలు దీనిని తమ వృత్తి దృష్టితో పరిశీలింపదగును.

సంగీతమును పుటపై నిలుపుటకు తెలుగు లిపి ఒకనాడు గొప్ప సాహసము చేసినది. 1904లో ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులు వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో అచ్చయిన గ్రంథము. అందు స్వరాక్షరములతోపాటు ఒక్కొక్క గమకమునకు ఒక్కొక్క ప్రత్యేక సంకేతము కలదు. కంపితమెట్లుండునో, జారు ఎట్లుండునో అచ్చుటక్షరములలో చూపుటకు జరిగిన ప్రయత్నమది. పుటను కూర్చుట కేవలము అలంకారము కాదనియు, వినికిడిని కంటికి అప్పగించు శాస్త్రమనియు ఆ గ్రంథమును చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

పత్రికల విషయము వేరు. మద్రాసు సంగీత అకాడమీ పత్రిక 1930లోను, హాథ్‌రస్ నుండి హిందీ ‘సంగీత్’ 1935లోను, ఢిల్లీ సంగీత నాటక అకాడమీ వారి ‘సంగీత్ నాటక్’ 1965లోను, మద్రాసు నుండి ఆంగ్లమున ‘శ్రుతి’ 1983లోను ఆరంభమైనవి. త్యాగయ్య, క్షేత్రయ్య, అన్నమయ్య తెలుగున పాడినారు. వారి పాటలను గూర్చిన చర్చ మాత్రము హెచ్చుగ ఇతర భాషల పత్రికలలో సాగినది. సచిత్రమై చిరకాలము నిలిచిన తెలుగు సంగీత పత్రికలు అరుదు. అందుచేత తెలుగు విద్యార్థి చేపట్టు ఈ చిన్న అభ్యాసము పెద్ద కొరతను స్పృశించుచున్నది.

చిత్రము విషయమున కొరత ఇంకను స్పష్టము. డాగెర్ ఛాయాచిత్ర విధానము లోకమునకు వెల్లడియైనది 1839లో. త్యాగరాజస్వామి సిద్ధి పొందినది 1847లో. ఆ ఎనిమిదేండ్లలో కెమెరా తిరువయ్యారు చేరలేదు. నేడు ఇంటింట పూజలందుకొను ఆయన రూపము ఛాయాగ్రాహకుడు చూచి పట్టినది కాదు. ఆనాడు సాధనము లేదు. కనుక ఎవరిని నిందింపను వీలులేదు. నేడు ప్రతి జేబులోను కెమెరా ఉన్నది. అయినను ఒక విద్వాంసుని గూర్చి పది వ్యాసములు వెలువడినచో పదింటను ఒకే చిత్రము కనబడును. ఆ చిత్రమును ఎవరు తీసిరో, ఎప్పుడు తీసిరో ఎవరును చెప్పరు. లోపించినది చిత్రము కాదు, సాక్షి.

సాక్షి కాదలచిన విద్యార్థి దూరదేశములు పోనక్కరలేదు. ఢిల్లీలో చదువుకొను తెలుగు విద్యార్థికి అశోకా రోడ్ ఒక్కటి చాలును. గోల్ డాక్‌ఖానా నుండి ఇండియా గేటు వలయము వరకు సాగు ఆ వీధికి ఇరుప్రక్కల నేరేడు చెట్లు. వర్షాకాలమున పండ్లు రాలి కాలిబాటను ఊదారంగు చేయును. ఆ వీధి ఒక కొసన బంగ్లా సాహిబ్ గురుద్వారము. ఎనిమిదవ గురువు హర్‌కిషన్ 1664లో అచట విడిసినట్లు సిక్కులు స్మరింతురు. అందు గురువాణీ కీర్తనము వేకువ నుండి రాత్రి వరకు సాగును. కొంత నడచినంతనే పటేల్ చౌక్; దాని చేరువ, పార్లమెంటు వీధిలో, ఆకాశవాణి భవనము. ఇంకను ముందునకు పోయిన విండ్సర్ ప్లేస్. అచటి నుండి ఫిరోజ్ షా రోడ్ పట్టినచో సంగీత, సాహిత్య, లలితకళా అకాడమీలకు నెలవైన రవీంద్ర భవనము. అశోకా రోడ్ ఇండియా గేటు కొసన, ఒకటవ సంఖ్య గల ఆవరణమున, ఆంధ్ర భవనము. కాలినడకనే గడచు ఈ దారిలో భక్తిసంగీతము, ప్రసారసంగీతము, శాస్త్రచర్చ, ప్రవాసాంధ్రుల సభ నాలుగును వరుసగా తగులును. ఒక సంచికకు కావలసిన విషయసూచికను ఆ వీధియే వ్రాసి ఇచ్చుచున్నది.

అయిన చూచినదెల్ల చిత్రించు అధికారము కెమెరాకు లేదు. బంగ్లా సాహిబ్ దర్బారు మందిరములో చిత్రములు తీయరాదు. విద్యార్థి తల కప్పుకొని, చెప్పులు విడిచి, లోన కూర్చుండి వినవలెను. వెలుపల సరోవర ప్రాంగణమున, అనుమతించినంత మేరకు, వినుచున్నవారి ముఖములను పట్టవచ్చును. ఈ నిషేధము వరమే యగును. హార్మోనియము ముందు కూర్చున్న రాగీని చూపలేనప్పుడు, ధ్వనివాహిని ద్వారా వచ్చు కీర్తనమును ఆలకించుచు నీటి గట్టున కనులు మూసికొన్న వృద్ధురాలిని చూపవలసి వచ్చును. సంగీతము పాడువానియందే కాక వినువానియందును ఉండునని అపుడు తెలియును. ఆమె అనుమతి లేక ఆ చిత్రమును తీయరాదు, ప్రకటింపరాదు.

ఆకాశవాణి లోనికి పోవుటకును ముందుగ అనుమతి కావలెను. అది లభింపకపోయినను ఆ భవనము ఒక పాఠము చెప్పును. 1935 డిసెంబరున ప్రారంభమైన ‘ది ఇండియన్ లిజనర్’ ప్రసారముల పట్టికతోపాటు కళాకారుల చిత్రములను అచ్చువేసెను. అదియే 1958లో ‘ఆకాశవాణి’ అను పేరు దాల్చెను. తెలుగులో ‘వాణి’ వెలువడుచుండెను. ఆ పత్రికలు నేడు లేవు. కాని రేడియోలో ముఖము కనబడని గాయకునికి ముఖమిచ్చినవి అవియే. 1952లో ఏర్పడిన ఆకాశవాణి వాద్యబృందమునకు రవిశంకర్, టి.కె. జయరామయ్యర్ తొలి నిర్వాహకులు. తరువాతి కాలమున తెలుగు వైణికుడు ఈమని శంకరశాస్త్రి ఢిల్లీలో ఆ బృందమును నడపిరి. ఆ వీధిలో తెలుగు వీణ మ్రోగినదను సంగతి నేటి విద్యార్థి వ్యాసమునకు చక్కని ఎత్తుగడ.

ఇక చిత్రము తీయు పని. కచేరీ వేదికపై వెలుతురు స్వల్పము. మెరపుదీపము వాడుట కళాకారునికిని శ్రోతకును అపచారము. కావున కటక రంధ్రమును విశాలముగ తెరచి, గ్రహణశక్తిని పెంచి, ఓపికతో నిలువవలెను. సెకనులో 60వ వంతు కాలము తెర తెరచి ఉంచినచో గాయకుని ముఖము నిలుచును, మృదంగముపై చేయి చెదరును. 500వ వంతు అయినచో చేయియు నిలుచును. ఏది మేలు? నిలిచిన చేయి మృదంగమును చూపును. చెదరిన చేయి లయను చూపును. ఈ నిర్ణయము యంత్రము చేయలేదు. కచేరీని విన్నవాడే చేయగలడు. పాటలో సమము ఎచట పడునో తెలిసినవాడు ఆ క్షణమునకు ముందే సిద్ధముగ నుండును. తెలియనివాడు నోరు తెరచిన గాయకులను వందల కొలది పోగుచేసికొనును. రఘు రాయ్ హిందుస్థానీ విద్వాంసులను ఏండ్ల తరబడి అనుసరించి తీసిన చిత్రములు 2010లో గ్రంథరూపమున వెలువడినవి. వేదిక వెలుపలి సాధన, ఇంటి వసారా, శిష్యుల నడుమ గడచు ప్రొద్దు కూడ సంగీతములోనివేనని అట్టి కృషి బోధించును.

చిత్రములు సిద్ధమైన పిమ్మట కూర్పు. వాద్యము ఆకారమే పుట ఆకారమును నిర్ణయించును. నాదస్వరము నిలువు వాద్యము, ముఖపత్రమునకు అమరును. వీణ అడ్డుగా పరచుకొనునది. దానిని నిలువు పుటలో ఇరికించినచో కుండయో యాళిముఖమో తెగిపోవును. దానికి ఎదురెదురు పుటలే తగిన చోటు. కాని నడిమి మడత ఎచట పడునో ముందే చూచుకొనవలెను. ఎదుటినుండి చూచినపుడు కుండ ఎడమ పుటలోను, యాళిముఖము కుడి పుటలోను ఉండును. మడత మీటు చేతికిని మెట్లపైనున్న చేతికిని నడుమ దండిపై పడినచో హాని లేదు. వ్రేళ్లపై పడినచో చిత్రము చచ్చును.

ఇతర దేశముల అనుభవమును ఇచట స్మరింపదగును. న్యూయార్కులోని బ్లూ నోట్ గ్రామఫోను సంస్థకు ఫ్రాన్సిస్ వుల్ఫ్ తీసిన చిత్రములను రీడ్ మైల్స్ నిర్దయగా కత్తిరించి, పెద్ద అక్షరములతో జతపరచి, 1950-60 దశకములలో జాజ్ సంగీతమునకు ఒక దృశ్యభాషనే ఏర్పరచెను. 1967 నవంబరు 9 తేదీతో వెలువడిన ‘రోలింగ్ స్టోన్’ తొలి సంచిక ముఖపత్రముపై జాన్ లెనన్ చిత్రము ఒక సినిమానుండి గ్రహించినది. పిదప ఆ పత్రికకు పేరు తెచ్చినవి బేరన్ వోల్మన్ వంటివారు స్వయముగ తీసిన చిత్రములు. అరువు చిత్రముతో పత్రిక ఆరంభము కావచ్చును, స్వంత చూపుతోనే అది నిలుచును.

తెలుగు లిపికి వేరు సమస్యలు కలవు. మన అక్షరమునకు పైన తలకట్టు, గుడి, క్రింద వత్తు. రోమను లిపికి చాలిన పంక్తుల యెడము తెలుగునకు చాలదు. పై పంక్తి వత్తులు క్రింది పంక్తి గుడులకు తగిలి పుట చిక్కుపడిన నూలువలె కనబడును. పన్నెండు పాయింట్ల అక్షరమునకు పదునెనిమిది పాయింట్ల పంక్తి ఇచ్చినను దుబారా కాదు. పత్రిక పేరును చిత్రముపై వేయునపుడు వత్తు విద్వాంసుని నుదుట పడకుండ చూడవలెను. మండలి, రామభద్ర, సూరన్న వంటి అక్షరరూపములు నేడు వెల లేక లభించుచున్నవి. వాటిలో ఒకటి శీర్షికకు, ఒకటి పాఠమునకు చాలును. మూడవదానిని చేర్చిన మరుక్షణము పుట పెండ్లిపత్రిక యగును.

కట్టకడపట వ్రాత. ఇచటనే తెలుగు రచయితలకు సూటిగా తగులు మాట ఒకటి గలదు. అరువు చిత్రమును నిషేధించిన నియమమును వాక్యమునకును వర్తింపజేసినచో ఏమి మిగులును? సంగీత సమీక్షలను తిరుగవేసినచో ‘శ్రోతలను మంత్రముగ్ధులను చేసెను’, ‘గానామృతమున ఓలలాడించెను’, ‘కరతాళధ్వనులతో సభ మారుమ్రోగెను’ అను వాక్యములు సంచిక సంచికకు ఎదురగును. పది పత్రికలలో తిరుగు ఒకే చిత్రము వంటివే ఇవియు. ఎవరు విన్నది, ఎప్పుడు విన్నది వీటివలన తెలియదు. ఏ గాయనికైనను ఇవి సరిపోవును. అందుచేతనే ఏ గాయనిని గూర్చియు ఇవి చెప్పవు. ఆంధ్ర భవన సభాంగణములో ఒక సాయంకాలము పాడిన గాయని తోడిని ఎంతసేపు పాడెను, ఏ స్వరముపై నిలిచెను, సాహిత్యమును ఎచట విరిచెను, వెనుక వరుసలో ఉద్యోగము నుండి నేరుగ వచ్చిన శ్రోత ఏ పాటకు తల ఎత్తెను - ఇవి వ్రాసినచో ఆ సాయంకాలము మిగులును. వ్రాయనిచో అదియు త్యాగయ్య ముఖమువలె ఊహకు విడువబడును.

చట్టము సైతము చిత్రమును రచనను వేరుగ చూచుట మానినది. 1957 నాటి మన గ్రంథస్వామ్య చట్టమునకు 2012లో జరిగిన సవరణ వలన ఛాయాచిత్రమునకును సాహిత్య రచనకువలెనే కర్త జీవితకాలమును, ఆపై 60 ఏండ్లును రక్షణ కలిగినది. చిత్రకారుడును గ్రంథకర్తయే అని దీని సారము. రచయిత పేరును శీర్షిక క్రింద వేసి, చిత్రము తీసినవాని పేరును విడిచిపుచ్చు అలవాటు ఇకనైన మానదగినది.

ఈ అభ్యాసమున విద్యార్థి చేయునది నాలుగు పుటలే. అవి అంగడికి పోవు, చందాదారులు ఉండరు. ఉపాధ్యాయుడు మార్కులు వేసి ప్రక్కన పెట్టవచ్చును. అయినను ఆ నాలుగు పుటలలో ప్రతి చిత్రమునకు ఒక దినము, ఒక చోటు, ఒక చూపు ఉండును. ప్రతి వాక్యమునకు విన్న చెవి ఒకటి ఉండును. నూరేండ్ల పిమ్మట అశోకా రోడ్‌పై తెలుగు పాట ఎట్లు వినబడెనో తెలిసికొనగోరువారికి అట్టి పుటలు పనికివచ్చును. పేరుమోసిన సంచికలెన్నియో ఆ పనికి రావు.