నాలుగో నంబరులోనే తిరిగే ఫ్యాను

కారులో డాష్‌బోర్డు వెనకాల మన కంటికి కనిపించని ఫ్యాను ఒకటి ఉంటుంది. ఏ.సి. చల్లగాలినైనా, చలిదేశాలలో హీటరు వెచ్చగాలినైనా మన ముఖం దాకా తోసేది ఇదే. దీన్ని బ్లోయరు అంటారు. చాలా కార్లలో దీని మీట పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి.

ఒకరోజు మీటను 1 దగ్గర పెడితే గాలి రాదు. 2లోనూ రాదు, 3లోనూ రాదు. 4కు తిప్పగానే హోరుమని గాలి! మెల్లగా తిరగలేని ఫ్యాను అంత జోరుగా ఎలా తిరుగుతోంది? మోటారు కాలిపోయిందనుకుని కొత్తది కొనేవాళ్లు లేకపోలేదు. కాలిపోయిన మోటారు 4లో మాత్రం ఎలా తిరుగుతుంది చెప్పండి!

ఇళ్లలో పాతకాలపు ఫ్యాను రెగ్యులేటర్లను మీరు చూసే ఉంటారు. అరచేయంత పెట్టె. కాసేపు ఫ్యాను తక్కువలో తిరిగాక ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. లోపల ఉన్నది నిరోధం గల తీగచుట్ట. కారులోనూ అదే ఏర్పాటు. మూడు తీగచుట్టలను ఒకదాని తర్వాత ఒకటిగా, అంటే శ్రేణిలో కలుపుతారు. మీట 1లో ఉంటే విద్యుత్తు మూడు చుట్టలనూ దాటి మోటారును చేరుతుంది. 2లో రెండు, 3లో ఒక్కటే. 4లో ఏ చుట్టా అడ్డు లేదు, బ్యాటరీ నుంచి విద్యుత్తు తిన్నగా మోటారుకే వెళుతుంది.

ఇప్పుడు చిక్కుముడి విడిపోయినట్లే కదా! మోటారు బాగానే ఉంది, చుట్టల దారి తెగింది. ఇంకొంచెం ముందుకు వెళదాం. 1 ఒక్కటే పనిచేయక, 2, 3, 4 పనిచేస్తున్నాయనుకోండి. తెగిన చుట్ట ఏది? 1కి మాత్రమే అవసరమైనది, అంటే మోటారుకు అన్నిటికంటె దూరంగా ఉన్నది. 1, 2, 3 బాగుండి 4 ఒక్కటే మొరాయిస్తే? అప్పుడు చుట్టల జోలికి పోనక్కరలేదు. స్విచ్చిలోనో, రిలేలోనో కాంటాక్టు కాలి ఉంటుంది. చేత్తో ఏదీ విప్పకుండానే, మీట తిప్పి చూసి ఇంత చెప్పవచ్చు.

అసలు ఆ దారి ఎందుకు తెగుతుంది? వేడి వల్ల. లెక్క వేసి చూద్దాం. బ్యాటరీ 12 వోల్టులు. చుట్టల మొత్తం నిరోధం 1.6 ఓములు, 1లో ప్రవహించే విద్యుత్తు 5 ఆంపియర్లు అనుకుందాం. ఓం నియమం ప్రకారం చుట్టల దగ్గరే 8 వోల్టులు ఖర్చవుతాయి, మోటారుకు మిగిలేవి 4. 8ని 5తో గుణిస్తే 40 వాట్లు. ఇదంతా వట్టి వేడి! రేడియోలు బాగుచేసేవారి సోల్డరింగ్ ఐరన్లు చాలావాటికి 25 వాట్లు చాలు. అంతకంటె వేడిగల వస్తువు డాష్‌బోర్డు లోపల, ప్లాస్టిక్ గొట్టాల మధ్య కూర్చుని ఉందన్నమాట.

దానికి ఇంజనీర్లు చేసిన ఉపాయం ముచ్చటైనది. ఆ చుట్టలను ఫ్యాను గాలి తగిలే చోటనే అమర్చారు. ఫ్యాను వేగాన్ని తగ్గించే చుట్టను ఆ ఫ్యానే చల్లబరుస్తుంది. కాని గాలి వడపోసే ఫిల్టరు దుమ్ముతో, ఎండుటాకులతో మూసుకుపోతే గాలి తగ్గుతుంది, చుట్ట వేడెక్కుతుంది.

తుప్పు పట్టి మోటారు బిగుసుకుపోతే మరీ ప్రమాదం. తిరగని మోటారు నిరోధం చాలా స్వల్పం. 12 వోల్టులూ దాదాపుగా చుట్టల మీదే పడతాయి. విద్యుత్తు 7 ఆంపియర్ల దాకా పెరిగి, వేడి 70 వాట్లు దాటుతుంది. చల్లబరచటానికి గాలి కూడా లేదు! మరి ఫ్యూజు ఎగిరిపోదా? పోదు. 4లో మోటారు 20 ఆంపియర్ల దాకా తీసుకోగలదు కాబట్టి అక్కడ పెట్టే ఫ్యూజు 30 ఆంపియర్లది కావచ్చు. 7 ఆంపియర్లు దానికి లెక్కలోకే రావు. అందుకే చుట్టల పక్కన ఇంకో ఫ్యూజు పెడతారు. అది ఆంపియర్లను కాక, వేడిని కనిపెడుతుంది. హద్దు మీరగానే అందులోని లోహం కరిగి దారి తెగిపోతుంది. 1, 2, 3 ఒక్కసారిగా ఆగిపోవటానికి తరచు కారణం ఇదే. ఆ ఫ్యూజు చెడిపోలేదు, తన పని తాను చేసింది. దాన్ని తీసేసి మామూలు తీగముక్కతో అతికితే ఫ్యాను మళ్లీ తిరుగుతుంది, వేడికి మాత్రం అడ్డు ఉండదు.

బ్రిటన్‌లో వాక్సాల్ కంపెనీ జఫీరా-బి కార్లలో ఇదే పెద్ద గొడవయింది. ఆటోమేటిక్ వాతావరణ నియంత్రణ లేని ఆ కార్లలో డాష్‌బోర్డు దగ్గర మంటలు లేచి, ఎన్నో కార్లు కాలి బూడిదయ్యాయి. ఈ ఫ్యూజును ఎవరో తప్పుగా బాగుచేయటమే కారణమని కంపెనీ మొదట చెప్పింది. 2015లో 2 లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలిచి సరిచేసింది. సరిచేసిన కార్లలోనూ మంటలు రావటంతో 2016లో మళ్లీ పిలవవలసి వచ్చింది. నీరు చేరి మోటారు తుప్పు పట్టటం కూడా ఒక కారణమని తేలింది. కంపెనీ మరీ ఆలస్యంగా కదిలిందని 2017లో పార్లమెంటు రవాణా కమిటీ తప్పుపట్టింది.

ఆటోమేటిక్ నియంత్రణ గల కార్లలో తీగచుట్టలు ఉండవు. వాటి పని ట్రాన్సిస్టరు చేస్తుంది. చాలా కార్లలో అది విద్యుత్తును సెకనుకు ఎన్నోసార్లు ఆపి, వదిలి వేగాన్ని మారుస్తుంది. వేడి తక్కువ. అయితే ట్రాన్సిస్టరు లోపల షార్టయితే విద్యుత్తును ఆపలేదు. అప్పుడు ఫ్యాను ఏ మీటకూ లొంగక ఒకే జోరున తిరుగుతుంది.

ఇలాంటి కార్లలో వింతగా కనిపించేదంతా లోపం కాదు సుమా! చలికాలం హీటరు వేసినా కొన్ని కార్లలో ఫ్యాను వెంటనే తిరగదు. ఇంజను నీళ్లు వేడెక్కేదాకా ఆగుతుంది, లేకపోతే మనమీద చల్లగాలి కొడుతుంది మరి. ఇంకొన్నింటిలో కారు ఆపి తాళం వేసుకుని వెళ్లిన కొంతసేపటికి, లోపల ఎవరూ లేకుండానే ఫ్యాను తిరుగుతుంది. ఏ.సి. గొట్టాల మీద చేరిన తడిని ఆరబెట్టి, బూజు వాసన రాకుండా చేయటానికి కంప్యూటరు దాన్ని తిప్పుతోందన్నమాట.