యజ్ఞము, జన్నము, జష్న్

మన ఆలయమున యజ్ఞము జరుగునని ప్రకటించినపుడు ఆ మాట సంస్కృతమని అందఱకును తెలియును. ఉర్దూ నెఱిగిన ముస్లిం సోదరులు ప్రవక్త జన్మదినోత్సవమును ‘జష్నే మీలాద్’ అందురు. ఈ జష్న్ పారసీకభాషా పదము. చెవికి పొంతన లేకున్నను యజ్ఞము, జష్న్ అనునవి ఒక్క తల్లి బిడ్డలు. ఇది విని, అట్లయిన పారసీకము సంస్కృతమునుండి పుట్టినది కాబోలునని సంతోషించువారు కలరు. అది సరి కాదు.

సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలమునుండి వచ్చియుండవలెననియు, ఆ మూలభాష యిపుడు లేకపోవచ్చుననియు 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ చెప్పెను. ప్రాచీన పారసీకమునకును ఆ కుటుంబమున చోటీయవచ్చుననెను. పిమ్మట పండితులు వేదభాషను, జరథుస్త్ర మతస్థుల అవెస్తా భాషను పోల్చి, రెంటికిని తల్లియైన భాషను పునర్నిర్మించిరి. సుమారు 4000 ఏండ్ల క్రిందటి ఆ భాషలో వ్రాత యొక్కటియు దొరకలేదు. కావుననే దాని పదములకు ముందు నక్షత్రపు గుర్తు నుంతురు. అందు ‘యజ్నస్’ వంటి పదమొకటి కలదు. దేవతారాధన మని యర్థము.

అదియే వేదమున యజ్ఞము, అవెస్తాలో యస్న. 72 అధ్యాయముల యస్నను పారసీ పురోహితులు నేటికిని అగ్ని సన్నిధిని పఠింతురు. మన హోతృ శబ్దమునకు వారి ‘జఓతర్’ తోబుట్టువే.

కాలక్రమమున పారసీకమున పదాదియందలి యకారము జకార మయ్యెను. అందుచే ఆరాధన జష్న్ అయినది. మన యమునితో పేరు కలియు ‘యిమ’ రాజు జమ్‌షీద్ అయినాడు. చిత్రమేమనగా, వారి ప్రమేయము లేకయే మన దేశపు ప్రాకృతములందును ఇట్లే జరిగినది. తెలుగు ద్రావిడభాష యైనను, ఆ దారిని వచ్చిన మాటలను ఆదరించి తనవి చేసికొన్నది: యజ్ఞము జన్నము, యముడు జముడు, యాత్ర జాతర. యజ్ఞోపవీతమును మన పెద్దలు జన్నిద మనుటయు నిందువలననే. వ్యాకర్తలు వీనిని వికృతులనిరి. పేరు కొంత కఠినమే. జన్నమున వికారమేమియు నాకు కానరాదు.

యాత్ర యనగా పయనము. జాతర యనగా ఊరంతయు కూడిన ఉత్సవము. జష్న్ అర్థమును అట్లే విస్తరించి, ఏ మతమువారి వేడుకకైనను చెల్లినది. అయినను పాత అర్థము చెడలేదు. పారసీల ‘జషన్’ ఇప్పటికిని అగ్నియెదుట ఫలపుష్పములుంచి చేయు ఆరాధనయే. ఇరానులో నౌరోజుకు 50 దినములు ముందు వచ్చు ‘జష్నే సదే’ నాటి రాత్రి, చలికాలపు చీకటిలో కట్టెలు ప్రోగుచేసి పెద్దమంట వెలిగింతురు.