వెబ్‌సైట్ మన గొప్ప కోసం కాదు.. గిరాకి కోసం

మా పెద్దనాయిన కొడుకు మగ్గం నేస్తడు. మాది పోచంపల్లి చీరలు నేసే ఇలాఖ. పోయినేడు దసరాకు ముందు అన్న 35 వేలు పెట్టి వెబ్‌సైట్ చేయించిండు. అవి దాచుకున్న పైసలు కావు, మిత్తికి తెచ్చినవి. ‘దళారి లేకుంట మనమే నేరుగ అమ్ముకోవచ్చు, హైదరాబాదోళ్లు, అమెరికల ఉన్నోళ్లు సుత కొంటరు’ అని చేసిచ్చినాయన చెప్పిండు. ఏడు నెలలు గడిచినయ్. సైట్ నుంచి ఒక్క చీర పోలేదు. రెండు ఫోన్లు మాత్రం వచ్చినయ్. రెండూ ‘లోన్ కావాల్నా’ అని అడిగేటోళ్లవే.

మరి చీరలు బాగలేవా అంటే, అవే చీరలు ఎగ్జిబిషన్‌లో పెడితే రెండు రోజులల్ల అమ్ముడు పోయినయ్. అంటే సరుకుల తప్పు లేదు. ఫోన్‌లో తెరిచిన దుకాణంలోనే ఏదో తేడా ఉన్నది. ఒకరోజు రాత్రి అందరం కూసొని వదిన ఫోన్‌లో ఆ సైట్ తెరిచినం. చేసిచ్చినాయన ఆఫీసుల పెద్ద స్క్రీన్ మీద, మంచి వైఫైలో చూపెట్టినప్పుడు అది ధగధగ మెరిసిందట. మా ఇంట్ల రెండు గీతల సిగ్నల్‌కు తెల్ల పేజీ అట్లనే నిలబడ్డది. వదిన జరసేపు చూసి ‘పొయ్యి మీద కూర మాడ్తది’ అని ఫోన్ పక్కకు పెట్టి లేచిపోయింది.

కొననీకి వచ్చినోళ్లు చేసేది కూడ అదే. వాళ్లు మనకు ఫోన్ చేసి ‘మీ సైట్ తెరుచుకుంటలేదు’ అని చెప్పరు. ఇంకో సైట్‌కు పోతరు.

ఆ రాత్రి నాకు అర్థమైంది ఒక్కటే. దుకాణం మెట్లెక్కిన మనిషి మనసుల నాలుగు ప్రశ్నలు ఉంటయ్. ఇక్కడ ఏం దొరుకుతది? ఎంతకిస్తరు? మిమ్మల్ని ఎట్ల నమ్మాలె? తేడా వస్తే ఎవరిని అడగాలె? మంచి దుకాణదారు ఈ నాలుగింటికి అడగకముందే జవాబు చెప్తడు. వెబ్‌సైట్ పని కూడ గంతే. మన దిక్కు చిన్న వ్యాపారాల సైట్లల్ల కనపడే తప్పులన్నీ దాదాపు ఈ ప్రశ్నలల్ల ఏదో ఒకటి మర్చిపోయినందుకు వచ్చినవే.

మొదటి తెరమీద ఏమున్నది?

అన్న సైట్ ఎట్టకేలకు తెరుచుకున్నంక మొదలు కనపడ్డది ‘మా వెబ్‌సైట్‌కు స్వాగతం’. దాని కింద ‘మా విజన్, మా మిషన్’. చీర అన్న మాట కనపడాలంటే మూడుసార్లు కిందికి జరపాలె. దుకాణం బోర్డు మీద ఎవరన్న ‘స్వాగతం’ అని మాత్రమే రాస్తరా? ‘చీరలు’ అని రాస్తరు. మొదటి తెరమీద ఒక్క వాక్యం చాలు: ‘పోచంపల్లి ఇక్కత్ చీరలు. మా మగ్గం మీద నేసినవి. మీ ఇంటికి పంపిస్తం.’ దాని కింద ఒక మంచి ఫొటో, ఒక బటన్. మీది వడ్ల మిల్లు కావచ్చు, పచ్చళ్ల వ్యాపారం కావచ్చు, బోరు మోటర్ల రిపేరు కావచ్చు. ఏం చేస్తరు, ఏ ఊర్ల చేస్తరు, ఎట్ల తీసుకోవాలె అన్నది వేలు కదపకుంటనే తెలవాలె.

బరువు తగ్గించుండ్రి

సైట్ ఎందుకు తెరుచుకోలేదో చూస్తే, పైన తిరిగే బొమ్మలు ఐదు ఉన్నయ్. ఒక్కొక్కటి 5 ఎంబీ. ఫోన్‌తో తీసిన ఫొటోలను ఉన్నయున్నట్టే ఎక్కించిండ్రు. అంటే గిరాకి ఒక్క చీర చూడకముందే 25 ఎంబీ డేటా ఖర్చు. ఫోన్‌లో చూసేటందుకు అంత పెద్ద ఫొటో అక్కర లేదు. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ రకంలో సేవ్ చేస్తే చాలా ఫొటోలు 200 కేబీ లోపలికి వస్తయ్. స్క్వూష్ అనే ఉచిత టూల్ ఈ పని బ్రౌజర్‌లోనే చేస్తది. సైట్ ఎంత వేగంగ ఉన్నదో చూసుకునేందుకు గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ ఉన్నది, అది కూడ ఉచితమే. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకండ్లలోపు కనపడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. ఇంకో మాట, గూగుల్ ఇప్పుడు సైట్లను ఫోన్‌లో కనపడే రూపం చూసే లెక్కలకు తీసుకుంటది. కాబట్టి కంప్యూటర్‌లో అందంగ ఉన్నదని మురిసిపోతే లాభం లేదు.

తిరిగే బొమ్మలతోని ఇంకో ఇబ్బంది ఉన్నది. ఒకటి చదివేలోపు అది జారిపోయి ఇంకోటి వస్తది. నిలబడే ఒక్క ఫొటో, తిరిగే ఐదింటికంటె నయం.

తెలుగు తెలుగులెక్క కనపడాలె

‘మా గురించి’ అన్న పేజీలో తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసి పిచ్చి గీతలు కనపడ్డయ్. కారణం ఏందంటే, ఆ మ్యాటర్‌ను పెండ్లి పత్రికలు కొట్టే డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించిండ్రు. అక్కడ వాడే పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల జాగలల్ల తెలుగు ఆకారాలను కూసోబెడ్తయ్. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో అసలు రంగు బయటపడ్తది. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే సొంత జాగ ఉన్నది. ఫోన్‌లో మనం వాట్సాప్‌కు కొట్టే తెలుగు యూనికోడే. అట్ల కొట్టిందే సైట్‌లో పెట్టాలె.

కొందరు దీనికి సులువు దారి అని తెలుగును బొమ్మ చేసి అంటిస్తరు. బొమ్మలో ఉన్న అక్షరాలను గూగుల్ మామూలు మ్యాటర్ లెక్క చదవదు. కండ్లు కనపడనోళ్లకు పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ అందదు. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగ దొరుకుతయ్. ఇంగ్లిష్ కోసం చేసిన టెంప్లేట్‌లో వరుసల మధ్య జాగ తక్కువ ఉంటది. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటయ్ కాబట్టి ఆ జాగ పెంచకపోతే ఒక వరుస ఒత్తు ఇంకో వరుస తలకట్టుకు తగుల్తది.

ఫొటో మీదే ఉండాలె

అన్న సైట్‌లో సగం ఫొటోలు ఇంటర్నెట్ నుంచి దించినవి. అవే ఫొటోలు ఇంకో పది సైట్లల్ల కూడ ఉన్నయ్. చూసినోళ్లకు ‘ఇది దొంగ సైట్’ అన్న అనుమానం రాదా? పైగ ఇక్కత్ పేరుతోని ప్రింట్ చీరలు అమ్మేటోళ్లు మస్తు ఉన్నరు. అసలు ఇక్కత్‌కు నేసే ముందే నూలుకు చిటికి కట్టి రంగులు అద్దుతరు. అందుకే డిజైన్ రెండు దిక్కుల కనపడ్తది. ప్రింట్ చీరకు వెనుక దిక్కు వెలిసినట్టు ఉంటది. నేత తెలిసిన మనకు ఇది చిన్న సంగతి, కొనేటోళ్లకు ఇదే నమ్మకం. అందుకని ఒక్కో చీరకు ఐదు ఫొటోలు పెట్టినం: మొత్తం చీర, అంచు, కొంగు, వెనుక దిక్కు, కట్టుకున్న మనిషి. పొద్దుటి వెలుతురుల, ఫోన్‌తోనే తీసినం. పక్కన పొడుగు ఎంత, జాకెట్ ముక్క ఉన్నదా, పట్టా నూలా, ఎట్ల ఉతకాలె అని రాసినం.

ధర దగ్గర ‘సంప్రదించండి’ అని ఉండె. అది మన దిక్కు పాత అలవాటు. ముఖం చూసి ధర చెప్తరన్న అనుమానం అక్కడనే మొదలైతది. ఫోన్ చేసి అడగాలంటే మొహమాటపడేటోళ్లు ఊకె వెళ్లిపోతరు. ధర రాయాలె. కొరియర్ ఖర్చు ఉంటే అది కూడ ముందే చెప్పాలె.

నంబర్ నొక్కితే ఫోన్ పోవాలె

సైట్‌లో ఫోన్ నంబర్ బొమ్మలో ఉన్నది. నొక్కితే ఏం కాదు. కాయితం మీద రాసుకొని కొట్టుకోవాలె. మెసేజ్ పంపే ఫారం నింపితే అది సైట్ చేసినాయన ఈమెయిల్‌కు పోతున్నది, అన్నకు సోయే లేదు. ఏడు నెలలల్ల ఎంతమంది రాసిండ్రో ఇగ తెలిసే దారి లేదు. నంబర్‌ను నొక్కితే కాల్ పోయేటట్టు, వాట్సాప్ బటన్ నొక్కితే చాట్ తెరుచుకునేటట్టు పెట్టుడు ఐదు నిమిషాల పని. బటన్లు వేలికి సరిపోను ఉండాలె. ఆండ్రాయిడ్ డిజైన్ సూచనల ప్రకారం నొక్కే జాగ కనీసం 48 యూనిట్ల వెడల్పు, 48 యూనిట్ల ఎత్తు ఉండాలె. తెల్ల పేజీ మీద లేత బూడిద అక్షరాలు ఏసీ గదిలో స్టైల్‌గ ఉంటయ్, ఎండల బస్టాండ్‌లో నిలబడి చూస్తే కనపడయ్.

నమ్మకం, చట్టం

ఆన్‌లైన్‌లో అమ్మేటోళ్లకు 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు ఉన్నయ్. వ్యాపారం అసలు పేరు, అడ్రస్, కస్టమర్ కేర్ నంబర్, ఫిర్యాదులు చూసే మనిషి వివరాలు సైట్‌లో స్పష్టంగ ఉండాలె. ఫిర్యాదు అందినట్టు 48 గంటలల్ల చెప్పాలె, నెలలోపు పరిష్కరించాలె. సొంత సరుకు అమ్మేటోళ్లు మొత్తం ధరను ఒకే అంకెగ, అందులో ఏమేం కలిసినయో కూడ చూపెట్టాలె. వాపస్ తీసుకుంటరా లేదా అన్నది రాయాలె. తినే వస్తువులు అమ్మితే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ కనపడేటట్టు పెట్టుండ్రి. ఇవన్నీ చట్టానికి భయపడి చేసేవి అనుకోవద్దు. మూడో ప్రశ్నకు, నాలుగో ప్రశ్నకు జవాబులు ఇవే.

‘ఇంక రెండే చీరలు ఉన్నయ్’, ‘పది నిమిషాలల్ల ఆఫర్ ఖతం’ అని అబద్ధపు గడియారాలు పెట్టే పద్ధతి పెద్ద కంపెనీలను చూసి చిన్నోళ్లు కూడ నేర్చుకుంటున్నరు. ఇట్లాంటి 13 రకాల మాయ డిజైన్లను 2023 నవంబర్‌లో కేంద్రం గుర్తించి, వాడొద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, రేపు మళ్ల తెరిచి చూస్తే అదే గడియారం మళ్ల పది నిమిషాల నుంచి తిరుగుతుంటే ఇజ్జత్ పోయేది మనదే.

తాళంచెవి మీ దగ్గర ఉండాలె

అన్నిటికంటే పెద్ద తప్పు డిజైన్‌లో కాదు, కాయితాలల్ల దొరికింది. డొమైన్ చేసిచ్చినాయన పేరు మీద ఉన్నది. అంటే దుకాణం అన్నది, రిజిస్ట్రేషన్ ఇంకొకరిది. మార్చనీకి మూడు వారాలు తిరిగినం. డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తోనే కొనుండ్రి. పాస్‌వర్డులు నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండ్రి. ఏటేటా ఎంత కట్టాలో ముందే అడగండ్రి.

అసలు సైట్ అక్కర ఉన్నదా అన్నది కూడ అడగండ్రి. ఊరి చుట్టుపక్కలనే మీ గిరాకి అయితే గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం పేరు, వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ చాలు. రెండింటికీ పైస ఖర్చు లేదు. అప్పు చేసి సైట్ పెట్టే ముందు ఇవి ఒక ఆరు నెలలు వాడి చూడొచ్చు.

పరీక్ష పెట్టేది అమ్మతోనే

ఆలేరు దిక్కు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం ఎట్ల చేసిండో మనకు తెలుసు. ఆసు పోసి పోసి అమ్మ భుజం పడిపోతుంటే చూసి, ఆ నొప్పిని తగ్గించే మిషన్ చేసిండు. దానికి అమ్మ పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. డిజైన్ అంటే అదే. వాడేటోళ్ల చెయ్యి ఎక్కడ నొస్తున్నదో చూసుడు.

మీ సైట్ తయారైనంక అమ్మకో, వదినకో, పక్కింటి తాతకో ఫోన్ ఇచ్చి ‘ఇండ్ల ఒక చీర కొను’ అని చెప్పండ్రి. మీరు నోరు తెరవొద్దు. వాళ్లు ఎక్కడ ఆగిండ్రో, ఎక్కడ తప్పు బటన్ నొక్కిండ్రో రాసుకోండ్రి. అట్ల ఐదుగురితోని చూపిస్తే పెద్ద తప్పులు చాలామట్టుకు బయటపడ్తయ్.

అన్న సైట్ ఇప్పుడు ఒక్కటే పేజీ. పన్నెండు చీరలు, ధరలు, అన్న మగ్గం ముందు కూసున్న ఫొటో, నొక్కితే పోయే నంబర్. పోయిన నెల మూడు చీరలు పోయినయ్. అప్పు ఇంకా తీరలే, కని మిత్తి కట్టేటంత వచ్చింది.

సైట్లు చేసుడు నేర్చుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక్క మాట. రెడీమేడ్ టెంప్లేట్‌లో పేరు మార్చి 35 వేలు తీసుకునుడు సులువే. కని ఆ 35 వేలు వాపస్ సంపాయించాలంటే మా అన్న ఎన్ని చీరలు నేయాల్నో, ఒక్కసారి మగ్గం పక్కన కూసొని లెక్కవెట్టుండ్రి.