బట్టతలకు మందా.. మార్పిడా?
ఒకటి ఉన్న జుట్టును కాపాడేది, రెండోది ఉన్న జుట్టును సర్దేది
తొందరపడితే జేబుకు చిల్లు, తలకు ముప్పు

పొందూరు: నుదుటి మీద జుట్టు వెనక్కి జరగడం, నడినెత్తిన పలచబడడం యువకులను కలవరపెడుతున్న సమస్య. పెళ్లి సంబంధాలు చూసే వేళకు ఈ దిగులు రెట్టింపవుతుంది. ఖద్దరుకు పేరొందిన పొందూరు వంటి మండల కేంద్రంలో ఉండే యువకుడికి రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి మందుల దుకాణంలో దొరికే ద్రావణం, మాత్రలు. రెండోది రైలెక్కి విశాఖపట్నం వెళ్లి చేయించుకునే జుట్టు మార్పిడి. మందులైతే నెలల తరబడి వాడాలని, మార్పిడి అయితే ఒక్కరోజులో తేలిపోతుందని భావించి అప్పు చేసైనా రెండోదానికి సిద్ధపడేవారున్నారు.

నిజానికి ఈ రెండూ ఒకదానికి మరొకటి ప్రత్యామ్నాయం కావు. మందు ఉన్న జుట్టును నిలుపుతుంది. మార్పిడి ఉన్న జుట్టునే ఒకచోటి నుంచి మరోచోటికి తరలిస్తుంది. కొత్త కుదుళ్లను పుట్టించే శక్తి రెండింటికీ లేదు. ఈ తేడా తెలియకుండా తీసుకునే నిర్ణయమే చాలా నష్టాలకు మూలం.

ఎందుకు రాలుతుంది?

మనిషి తలపై సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. రోజుకు 50 నుంచి 100 వరకు రాలడం సహజం. ప్రతి వెంట్రుక 2 నుంచి 6 ఏళ్ల పాటు పెరిగి, ఆ తర్వాత పెరుగుదల ఆగి, సుమారు 3 నెలలు విశ్రాంతిలో ఉండి రాలిపోతుంది. అదే కుదురు నుంచి కొత్తది మొలుస్తుంది. పురుషుల బట్టతలలో ఈ చక్రం గాడి తప్పుతుంది. శరీరంలోని టెస్టోస్టిరాన్ అనే హార్మోను ఒక ఎంజైము చర్యతో డీహెచ్‌టీగా మారుతుంది. వంశపారంపర్యంగా దీనికి లొంగే గుణమున్న కుదుళ్లు క్రమంగా కుంచించుకుపోతాయి. వెంట్రుక ఒక్కసారిగా ఊడిపోదు. ఒక్కో చక్రానికి సన్నబడుతూ చివరకు నూగుగా మిగులుతుంది. తల వెనుక, చెవుల పైన ఉండే కుదుళ్లపై డీహెచ్‌టీ ప్రభావం చాలా తక్కువ. బట్టతల ఎంత పెరిగినా ఆ భాగంలో గుర్రపునాడా ఆకారంలో జుట్టు నిలవడానికి కారణం ఇదే.

హార్మోనుకు, బట్టతలకు ఉన్న సంబంధాన్ని అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్ 1942లో వెల్లడించారు. యుక్తవయసుకు ముందే వృషణాలు తొలగించిన పురుషులకు బట్టతల రాదని ఆయన గమనించారు. ఆయన వర్గీకరణను 1975లో నార్‌వుడ్ అనే వైద్యుడు మెరుగుపరిచి 7 దశలుగా స్థిరపరిచారు. వైద్యులు నేటికీ ఈ దశలనే కొలమానంగా వాడుతున్నారు.

బట్టతల మేనమామ పోలిక అన్నది సగమే నిజం. తల్లి వైపు నుంచి వచ్చే జన్యువు ముఖ్యమైనదే అయినా తండ్రి వైపు జన్యువుల పాత్ర కూడా ఉంటుంది. సింహాచలంలోనో తిరుమలలోనో తలనీలాలు సమర్పించాక జుట్టు ఒత్తుగా వస్తుందన్నదీ అపోహే. క్షౌరకత్తి చర్మం పైనున్న వెంట్రుకనే తీస్తుంది తప్ప లోపలి కుదురును తాకదు. కొన మొద్దుగా ఉండటం వల్ల కొత్తగా వచ్చే జుట్టు దట్టంగా అనిపిస్తుందంతే.

ముందు నిర్ధారణ

జుట్టు రాలడమంతా బట్టతల కాదు. టైఫాయిడ్, డెంగీ, కొవిడ్ వంటి జ్వరాల తర్వాత రెండు మూడు నెలలకు తల నిండా జుట్టు రాలుతుంది. చాలామందిలో అది కొన్ని నెలల్లో తనంతట తానే సర్దుకుంటుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నా రాలుతుంది. నాణెమంత గుండ్రంగా ఊడిపోయే పేనుకొరుకుడు పూర్తిగా వేరే వ్యాధి. వీటికి బట్టతల మందు వాడినా, మార్పిడి చేసినా ప్రయోజనం ఉండదు. అందువల్ల మొదటి మెట్టు చర్మవ్యాధుల నిపుణుని పరీక్ష. ఇందుకు ప్రైవేటు క్లినిక్కులకే వెళ్లనక్కర్లేదు. శ్రీకాకుళంలోని ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోనూ, విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలోనూ చర్మవ్యాధుల విభాగాలున్నాయి.

మందులు ఏం చేస్తాయి?

పురుషుల బట్టతలకు గట్టి ఆధారాలున్న మందులు ప్రధానంగా రెండే.

మొదటిది మినాక్సిడిల్. ఇది రక్తపోటు మాత్రగా వచ్చింది. వాడిన రోగుల ఒంటిపై వెంట్రుకలు పెరగడం గమనించి తలకు రాసే ద్రావణంగా మార్చారు. 1988లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని బట్టతలకు అనుమతించింది. పురుషులు సాధారణంగా 5 శాతం ద్రావణాన్ని రోజుకు రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు చొప్పున పొడి తలపై రాసుకోవాలి. వాడకం మొదలైన కొద్ది వారాల్లో జుట్టు మరింత రాలవచ్చు. పాత వెంట్రుకలు కొత్తవాటికి చోటివ్వడం వల్ల జరిగే మార్పు ఇది. తెలియనివారు ఈ దశలోనే భయపడి సీసా పారేస్తుంటారు. ఫలితం తెలియడానికి కనీసం 4 నెలలు పడుతుంది. దురద, పొట్టు రాలడం కొందరిలో కనిపిస్తాయి. గుండెదడ, తల తిరగడం వంటివి ఉంటే వెంటనే ఆపి వైద్యుని సంప్రదించాలి. తక్కువ మోతాదు మినాక్సిడిల్ మాత్రలను కూడా కొందరు వైద్యులు రాస్తున్నారు. అవి రక్తపోటుపై పనిచేసేవి కనుక సొంతంగా వాడటం ప్రమాదకరం.

రెండోది ఫినాస్టెరైడ్. టెస్టోస్టిరాన్ డీహెచ్‌టీగా మారకుండా ఇది అడ్డుపడుతుంది. 1992లో ప్రోస్టేటు గ్రంథి వాపునకు 5 మిల్లీగ్రాముల మాత్రగాను, 1997లో బట్టతలకు 1 మిల్లీగ్రాము మాత్రగాను అమెరికాలో అనుమతి పొందింది. జుట్టు రాలడాన్ని ఆపడంలో ఇది అధికశాతం మందికి పనిచేస్తుంది. నడినెత్తిన ఫలితం బాగుంటుంది. నుదుటి దగ్గర అంతగా ఉండదు.

అయితే ఇది వైద్యుని చీటీతోనే వాడవలసిన మాత్ర. కొద్ది శాతం మందిలో లైంగిక వాంఛ తగ్గడం, అంగస్తంభన సమస్యలు వస్తాయి. ఎక్కువమందిలో మందు ఆపితే అవి పోయినా, కొందరిలో కొనసాగినట్లు నివేదికలున్నాయి. మానసిక కుంగుబాటు కూడా రావచ్చు. ఆత్మహత్య ఆలోచనలను ఈ మాత్ర దుష్ప్రభావంగా ఐరోపా ఔషధ సంస్థ 2025లో నిర్ధారించింది. మనసు దిగాలుగా మారితే మాత్ర ఆపి వైద్యుని కలవాలి. గర్భిణులు విరిగిన మాత్రను తాకరాదు. గర్భంలో మగశిశువుంటే జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ముప్పుంది. సంతానం కోసం ఎదురుచూసే దంపతులు ముందే వైద్యునితో మాట్లాడాలి. రక్తదానం చేయదలచినవారు మాత్ర ఆపాక కనీసం నెల రోజులు ఆగాలి. ప్రోస్టేటు క్యాన్సరు అనుమానంతో చేసే పీఎస్‌ఏ పరీక్షలో ఈ మందు విలువను సుమారు సగానికి తగ్గించి చూపుతుంది కనుక పరీక్షకు ముందే సంగతి చెప్పాలి.

రెండు మందులకూ ఒకటే షరతు. వాడినంతకాలమే ఫలితం. మానేసిన కొన్ని నెలల నుంచి ఏడాది లోపు నిలిచిన జుట్టు మళ్లీ జారిపోతుంది. పూర్తిగా నున్నబడిన చోట మందులతో జుట్టు తిరిగి రావడం అరుదు. ఎంత ముందుగా మొదలుపెడితే అంత మేలన్నది అందుకే.

మార్పిడి అంటే ఉభాలే

జుట్టు మార్పిడి శ్రీకాకుళం రైతుకు సులువుగా అర్థమయ్యే పని. ఆకుమడి నుంచి ఆకు తీసి మడిలో ఉభాలు వేసినట్లే, తల వెనుక భాగం నుంచి కుదుళ్లను తీసి ముందువైపు నాటుతారు. చిన్న పరిమాణపు కుదుళ్లతో మార్పిడి చేయవచ్చని జపాను వైద్యుడు ఒకుడా 1939లోనే రాశారు. ఎక్కడ నాటినా కుదురు తన పుట్టినచోటి గుణాన్నే నిలుపుకుంటుందని అమెరికా వైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ 1959లో ప్రకటించారు. వెనుకవైపు జుట్టు ముందుకు వచ్చినా రాలకపోవడానికి కారణం అదే.

దీనిలో రెండు పద్ధతులున్నాయి. తల వెనుక సన్నని చర్మపు పట్టీని కోసి, కుట్లు వేసి, ఆ పట్టీ నుంచి కుదుళ్లను వేరుచేయడం ఎఫ్‌యూటీ. దీనివల్ల గీతలా మచ్చ మిగులుతుంది. కుదుళ్లను ఒక్కొక్కటిగా చిన్న పరికరంతో తీయడం ఎఫ్‌యూఈ. దీనిలో చుక్కల్లాంటి మచ్చలు పడతాయి. ఇలా తీసిన ఒక్కో గ్రాఫ్టులో 1 నుంచి 4 వెంట్రుకలుంటాయి.

ఉభాలకు, దీనికి ఒక్క తేడా ఉంది. పొలంలో ఆకు చాలకపోతే మరో రైతు దగ్గర తెచ్చుకోవచ్చు, వచ్చే ఏడు మళ్లీ పోసుకోవచ్చు. తల వెనుక ఆకుమడి జన్మకు ఒక్కటే. తీసిన కుదురు మళ్లీ అక్కడ మొలవదు. చాలామందిలో జీవితకాలానికి సుమారు 4 వేల నుంచి 6 వేల గ్రాఫ్టులకు మించి తీయడం కష్టం. చదరపు సెంటీమీటరుకు 40 గ్రాఫ్టులు నాటాలనుకుంటే 100 చదరపు సెంటీమీటర్ల బట్టతలకే 4 వేలు కావాలి. తల పైభాగమంతా నున్నబడినవారికి ఈ నిల్వ చాలదు.

22 ఏళ్లకే మార్పిడికి తొందరపడవద్దని చెప్పడం వెనుక ఉన్న కారణం కూడా ఈ లెక్కే. ఆ వయసులో బట్టతల ఎంతవరకు పోతుందో తెలియదు. నుదుటి గీతను కిందికి దించి నాటించుకుంటే, పదేళ్లకు దాని వెనుక సొంత జుట్టు రాలిపోయి నాటినది ఒంటరి గట్టులా మిగులుతుంది. అప్పటికి ఆకుమడి ఖాళీ అయి ఉంటుంది. నాటిన జుట్టు నిలిచినా చుట్టూ ఉన్న సొంత జుట్టు రాలుతూనే ఉంటుంది కనుక, మార్పిడి చేయించుకున్నా మందుల అవసరం తీరదు.

మార్పిడి ఫలితం కూడా ఒక్కరోజులో రాదు. నాటిన వెంట్రుకలు 2 నుంచి 4 వారాల్లో రాలిపోతాయి. మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలక మొదలై, పూర్తి రూపం రావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. మొదటి రోజుల్లో నుదురు, కళ్ల చుట్టూ వాపు రావచ్చు. రెండు మూడు వారాలు ఎండలో పొలం పని, బరువులు మోసే పని మానుకోవాలి. చీము, జ్వరం వస్తే దూరాభారం అనుకోకుండా చికిత్స చేసిన వైద్యుని వద్దకు వెళ్లగలిగి ఉండాలి.

ప్రాణం మీదకు వస్తే..

తలకు మత్తు సూదులిచ్చి గంటల తరబడి చేసే ఈ పని చిన్నదేమీ కాదు. 2016లో చెన్నైలో ఒక వైద్య విద్యార్థి, 2019లో ముంబయిలో ఒక వ్యాపారి మార్పిడి తర్వాత మరణించారు. కాన్పూరులో ఒకే క్లినిక్‌లో చేయించుకున్న ఇద్దరు ఇంజినీర్లు మృతిచెందిన ఉదంతం 2025లో వెలుగుచూసింది. జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు జారీ చేసింది. తగిన శస్త్రచికిత్స శిక్షణ ఉన్న వైద్యులే జుట్టు మార్పిడి చేయాలని, వర్క్‌షాపుల్లోనో యూట్యూబులోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కాదని స్పష్టం చేసింది. బ్యూటీ పార్లర్లు, సెలూన్లు ఈ పనికి తగిన చోట్లు కావు.

మాయ నూనెల సంగతి వేరు. 2025 మార్చిలో పంజాబులోని సంగ్రూర్‌లో బట్టతల శిబిరంలో తలకు మందు రాయించుకున్న పలువురు కంటి సమస్యలతో ఆసుపత్రి పాలయ్యారు. ఔషధాలు, సౌందర్య సాధనాల నిబంధనల్లోని షెడ్యూలు-జె ప్రకారం ఏ మందూ బట్టతలను నయం చేస్తుందని చెప్పుకోరాదు. అలాంటి ప్రకటన కనిపిస్తే అనుమానించడమే మంచిది.

ఖర్చు ఎలా లెక్కించాలి?

మార్పిడి ఖర్చును ఒక్కసారిగా, మందుల ఖర్చును నెలవారీగా చూడటం వల్ల లెక్క తప్పుతుంది. ఉదాహరణకు గ్రాఫ్టుకు 40 రూపాయలు అనుకుంటే 2500 గ్రాఫ్టులకు లక్ష రూపాయలు. మందులకు నెలకు వెయ్యి అనుకుంటే ఏడాదికి 12 వేలు, 20 ఏళ్లకు 2 లక్షల 40 వేలు. మార్పిడి చేయించుకున్నవారు మందులు కూడా వాడాలి కనుక వారికి ఈ రెండూ కలుస్తాయి. ఇది సౌందర్య చికిత్స కావడంతో ప్రభుత్వ ఆరోగ్య పథకాలు, సాధారణ బీమా భరించవు. వడ్డీకి అప్పు తెచ్చేవారు ఈ మొత్తం లెక్క ముందే వేసుకోవాలి.

ఎవరికి ఏది?

20 నుంచి 25 ఏళ్ల మధ్య రాలడం మొదలైనవారికి మార్పిడి కన్నా మందులే మేలు. నెలకోసారి ఒకేచోట, ఒకే వెలుతురులో తల ఫొటో తీసుకుంటే మందు పనిచేస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది. 30 దాటి, కనీసం ఏడాది మందులు వాడి, రాలడం నిలిచాక కూడా నుదుటిపై ఖాళీ మిగిలినవారు మార్పిడి గురించి ఆలోచించవచ్చు. తల పైభాగమంతా నున్నబడి, వెనుక జుట్టు కూడా పలచగా ఉన్నవారికి మార్పిడి ఆశించిన ఫలితమివ్వదు.

మార్పిడికి సిద్ధపడేవారు ముందుగా నాలుగు ప్రశ్నలు అడగాలి. కుదుళ్లు తీసేది, నాటేది వైద్యుడా, సహాయకులా? వైద్యుని అర్హత, రిజిస్ట్రేషను సంఖ్య ఏమిటి? మత్తు వికటిస్తే ఆదుకునే ఏర్పాట్లు ఉన్నాయా? పదేళ్ల తర్వాతి అవసరానికి ఎన్ని గ్రాఫ్టులు మిగులుస్తారు? వీటికి సూటిగా జవాబు చెప్పని చోట అడ్వాన్సు కట్టకపోవడమే ఉత్తమం.

ఏ చికిత్సా తీసుకోకుండా జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉండిపోవడం కూడా తప్పు నిర్ణయం కాదు. పురుషుల బట్టతల ప్రాణాంతక వ్యాధి కాదు. మందు మొదలుపెడితే ఏళ్ల తరబడి వాడాలి, మార్పిడి చేయించుకుంటే వెనక్కి తీసుకోలేరు. కనుక నిపుణుని పరీక్ష, ఏడాది ఓపిక తర్వాతే పెద్ద ఖర్చుకు దిగడం శ్రేయస్కరం.