పురిటికి వచ్చే పిట్టలు

తిరుపతి జిల్లాలో నేలపట్టు అనే ఊరుంది. అది సూళ్లూరుపేటకు దగ్గర. ఆ ఊళ్లో ఒక చెరువుంది. చెరువు నీళ్లలో కడప చెట్లు గుబురుగా పెరిగాయి. ఏటా ఆ చెట్ల మీదికి గూడబాతులు వస్తాయి. ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వచ్చినట్టు వస్తాయి.

గూడబాతు పెద్ద పక్షి. దాని పొడుగు ముక్కు కింద సంచి ఉంటుంది. ఆ సంచితో చేపలు పడుతుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో ఇక్కడ వానలు బాగా పడతాయి. చెరువు నిండుతుంది. చెట్ల మొదళ్లు మునుగుతాయి. అప్పుడు గూడబాతులు పుల్లలు తెచ్చి గూళ్లు కడతాయి. చుట్టూ నీళ్లుంటే నక్కలు, పిల్లులు గూటి దగ్గరికి రాలేవు.

గూటికి రెండు మూడు గుడ్లుంటాయి. తల్లీ తండ్రీ వంతులేసుకుని పొదుగుతాయి. సుమారు నెల రోజులకు పిల్లలు బయటికొస్తాయి. పెద్ద పక్షులు పులికాట్ సరస్సుకు పోయి చేపలు మింగి వస్తాయి. పిల్ల వాటి సంచిలోకి తల దూర్చి తింటుంది.

చలికాలంలో సూదితోక బాతులు కూడా చెరువుకు వస్తాయి. అవి ఉత్తరాన ఉన్న చలి దేశాల పక్షులు. మేత కోసం వస్తాయి. ఇక్కడ గుడ్లు పెట్టవు. గూడబాతులు కూడా విదేశాల నుంచి వస్తాయని కొందరంటారు. అది నిజం కాదు. అవి మన దేశంలోనే పుట్టి పెరిగే పక్షులు.

ఎండలు ముదిరేసరికి చెరువులో నీరు తగ్గుతుంది. పిల్లలకు రెక్కలొస్తాయి. అన్నీ ఎగిరిపోతాయి. గూళ్లు ఖాళీ అవుతాయి.

వానలు లేక చెరువు నిండకపోతే గూళ్లు పడవు. మనుషులు కేకలేసినా, రాళ్లు విసిరినా తల్లి గూడు వదిలి లేచిపోతుంది. ఆ కాస్త సేపట్లోనే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. అందుకే 1976లో ప్రభుత్వం ఈ చెరువును పక్షుల రక్షణ కేంద్రంగా చేసింది. ఊరివాళ్లు కూడా పిట్టల జోలికి పోరు. వాటి వల్ల ఊరికీ లాభముంది. పిట్టల రెట్ట చెరువు నీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లు పొలానికి పారితే పైరుకు ఎరువవుతుంది.

చూడబోయేవాళ్లు పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ వెళ్లాలి. చప్పుడు చేయకూడదు. ముక్కును బట్టి పిట్టను గుర్తుపట్టవచ్చు. కొడవలిలా వంగిన నల్ల ముక్కుంటే అది తెల్ల కంకణం. ముక్కు మధ్య సందుంటే అది నత్తగుల్ల కొంగ.

మీ ఊరి చెరువుకు ఏ పిట్టలు వస్తాయి? ఏ నెలలో వస్తాయి? ఎప్పుడు పోతాయి? చూసి, వాటి పేర్లు రాయండి.