సెల్లులో ఆట, అరుగు మీద మాట



రాజోలు దగ్గర ఒక గ్రామములో కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత ఆ ఇంటి యజమాని మమ్మును అరుగు మీద కూర్చోబెట్టాడు. కొబ్బరి దింపు పనిచేసే సహోదరుడు.

“అయ్యగారండీ, మావోడు ఇంటరు మానేత్తానంటన్నాడండి. సెల్లులో ఆటాడి లచ్చలు సంపాదిత్తాడంటండి. మీరో మాట చెప్పండి.”

కుర్రవాడు గుమ్మములో నిలబడి ఉన్నాడు. పదిహేడేళ్లు. తల వంచుకొనలేదు. “నిజమేనండి. హైదరాబాదులో ఆడేరండి” అన్నాడు.

రెండు ఆదివారముల క్రితమే మేము ఇటువంటి ఆటలన్నిటినీ పేకాటతో కలిపి ప్రసంగములో ఖండించి ఉన్నాము. అప్పుడు ఈ పిల్లవాడు వెనుక నుండి లేచి వెళ్లిపోయాడని ఆ అరుగు మీదనే తెలిసినది. తెలియని సంగతిని గూర్చి గొంతు పెంచి మాట్లాడాము. కనుక ఆ రాత్రి చాప మీద అతని ప్రక్కన కూర్చుండి, అతడు చూపించినది చూచాము.

అతడు చెప్పినది నిజమే. 2024 జూన్ 28 నుండి 30 వరకు హైదరాబాదు హైటెక్స్‌లో బీజీఎమ్‌ఐ అనే ఆటకు జాతీయ పోటీ చివరి అంకము జరిగినది. ఆటను నడిపేది దక్షిణ కొరియాకు చెందిన క్రాఫ్టన్ సంస్థ. నలుగురేసి సభ్యులు గల 16 జట్లు విమానము నుండి ఒక ద్వీపము మీదికి దూకుతాయి. ఆయుధములు వెదకుకొంటాయి. నిలబడదగిన చోటు చుట్టూరా కుంచించుకొనిపోతూ ఉంటుంది. చివరకు మిగిలిన జట్టుకు 10 పాయింట్లు, పడగొట్టిన ప్రతి మనిషికి ఒక పాయింటు. బహుమానముల మొత్తము 2 కోట్ల రూపాయలు. టీమ్ ఎక్స్‌స్పార్క్ అనే జట్టు గెలిచి 60 లక్షలు తీసికొన్నది. సంక్రాంతి వాలీబాలు పోటీలలో మైకు పట్టుకొన్నవాని కేకలు తలచుకొనండి. అక్కడి వ్యాఖ్యాతల కేకలు అంతకు పదింతలు.

ఆ జట్టు యజమాని తన్మయ్ సింగ్. స్కౌట్ అంటేనే పిల్లలకు తెలుస్తుంది. ఒకప్పుడు తానే పోటీలలో ఆడినవాడు, ఇప్పుడు తన ఆటను యూట్యూబులో ప్రత్యక్షముగా చూపిస్తూ లక్షలమందితో కబుర్లు చెప్పేవాడు. ముంబయికి చెందిన నమన్ మాథుర్, అనగా మోర్టల్, కథ కూడ అటువంటిదే. అతడున్న ఎస్‌8యూఎల్ సంస్థకు 2022లో అంతర్జాతీయ ఈస్పోర్ట్స్ అవార్డులలో ఒకటి వచ్చినది. ఈ ఆటలో చేతివేగము చాలా త్వరగా తగ్గుతుంది. ఇరవై అయిదేళ్లకే పాతవాడనిపించుకొంటారు. అప్పుడు చాలామందికి కెమెరా ముందు మాటయే జీవనాధారము. ప్రకటనలు, కంపెనీల సొమ్ము, చూచేవారు పంపే కానుకలు. పోటీలు పెట్టేవారు కూడ వీరిని పిలుస్తారు, ఎందుకనగా జనము వచ్చేది వీరి ముఖము చూచియే. మన కుర్రవాడు కూడ ఆటగాని కంటె ఆ మాటకారినే ఎక్కువగా ప్రేమించాడని మాకు తోచినది.

పేకాట సంగతి. ఇక్కడ మేము తప్పు దిద్దుకొనవలెను. సొమ్ము పందెము కాసే ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము సొమ్ము పందెపు ఆటలను నిషేధిస్తూనే ఈస్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించినది. 2018 జకార్తా ఆసియా క్రీడలలో ప్రదర్శన పోటీగా ఉన్నప్పుడు మన దేశపు తీర్థ్ మెహతాకు కాంస్యము దొరికినది. 2023 హాంగ్‌ఝౌలో ఇది పతకముల క్రీడయే. హైటెక్స్‌లో ఆడిన పిల్లలు ఎవరూ పందెము కాయలేదు. ఈ మాట మరుసటి ఆదివారమే సంఘములో చెప్పాము.

అయితే కుర్రవానితో లెక్క కూడ వేయించాము. దేశమంతట నుండి వేలాది జట్లు పేర్లిస్తే చివరి వేదిక మీద కూర్చున్నది 64 మంది. ఆ వేదికయైనను స్థిరమైనదా? పాత పబ్జీని 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వము నిషేధించినది. 2021 జూలైలో బీజీఎమ్‌ఐ వచ్చినది. 2022 జూలై 28న అదీ మాయమైనది. 2023 మేలో గాని తిరిగి రాలేదు. మన కోనసీమవారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. 2022 మేలో జిల్లా పేరు విషయమై అల్లర్లు జరిగి ఇంటర్నెట్ ఆపివేసినప్పుడు, ఇంటి నుండి పనిచేసే మన పిల్లలు సిగ్నలు కొరకు గోదావరి ఒడ్డుకు చేరారు కదా.

“మా పనీ అంతేనండి. ఓపాలి కాలు జారితే అయిపోయినట్టే” అన్నాడు తండ్రి నెమ్మదిగా. కొడుకు అప్పుడు తల వంచాడు.

తరువాత తానే బయటపెట్టాడు. పద్దెనిమిది నిండనివారికి ఈ ఆట రోజుకు మూడు గంటలే. పెద్దవారి ఫోనుకు వచ్చే అంకెలు చెప్పి అనుమతి తీసికొనవలెను. తండ్రికి చదువు రాదు గనుక వాని ఫోనుకు వచ్చిన అంకెలు వీడే చదివి కొట్టుకొన్నాడు. తల్లి డ్వాక్రా సొమ్ములో మూడు వేలు తీసి తుపాకికి రంగులు కొన్నాడు. ఆ రంగు వలన గుండుకు బలము పెరుగుతుందా అని అడిగితే లేదన్నాడు. లోపల అంట్లు తోముతున్న తల్లి చేయి ఆగినది. ఆమె ఏమియు అనలేదు.

చివరకు ముగ్గురును ఒక మాటకు వచ్చారు. ఇంటరు పరీక్షలు వ్రాస్తాడు. రాత్రి తొమ్మిదికి ఫోను తండ్రి తలగడ క్రిందికి వెళుతుంది. వేసవి సెలవులలో ఆటలో పేరు ఇచ్చుకొనవచ్చును. కొబ్బరి ఒలుపు పనికి వెళ్లి ఆ మూడు వేలు తల్లికి ముందు తీర్చవలెను. ఇది నిలుస్తుందో లేదో మేము చెప్పలేము.

మేము చెప్పులు తొడుగుకొంటూండగా తండ్రి కొడుకు ప్రక్కకు జరిగి ఫోనులోనికి తొంగిచూచాడు. “ఈ పచ్చచొక్కావోడు మనోడేనేంట్రా?”

“కాదు నాన్నా, ఆడు మనల్ని కొట్టేవోడు. ఇదిగో, నేను ఇక్కడున్నాను.”