హార్మణీ పెట్టెకు అంకెల భాష

పటమటలోగాని, కృష్ణా డెల్టాలోని మరి యే ఊరిలోగాని భజన జరుగుచున్న చోటికి పోయినచో మనకు మొదట వినవచ్చునది హార్మణీ పెట్టె. పద్యనాటకమున నటుడు రాగము తీయుచున్నప్పుడు అతని వెన్నంటి ఉండునదియు అదియే. ఈ వాద్యము మన దేశమున పుట్టలేదు. 1840 ప్రాంతమున ఫ్రాన్సులో రూపొందినది. ఆర్గన్ వాద్యమునకు దగ్గరి చుట్టము. 19వ శతాబ్ది చివర కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ దీనిని నేలపై కూర్చుండి ఒక చేతితో తిత్తి కొట్టుటకు వీలుగా మార్చెను.

ఇతర దేశములలో పాత ఆర్గన్ బల్లలకు ఎలక్ట్రానిక్ పరికరములు చేర్చి, వానిని కంప్యూటరుతో మాటలాడించుచున్నారు. మన పెట్టెకును అట్లు చేయవచ్చునా? దాని సహజమైన గొంతు చెడకుండ చేయవచ్చునా? ఇదియే మన ప్రశ్న.

మిడి యనగా నేమి?

వాద్యములు పరస్పరము సందేశములు పంపుకొనుటకు 1983లో ఏర్పడిన ఉమ్మడి భాష పేరు మిడి. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపానుకు చెందిన ఇకుతారో కకెహాషి దీని పుట్టుకకు ముఖ్య కారకులు. ఈ తీగలో ప్రవహించునది ధ్వని కాదని విద్యార్థులు మొదట గుర్తింపవలెను. ‘ఈ మెట్టు నొక్కబడినది, ఈ మెట్టు వదలబడినది’ అను వార్త మాత్రమే అంకెల రూపమున పోవును. పాటకును, పాటను వ్రాసిన స్వరలిపికిని గల భేదమే ఇచ్చటను గలదు.

ఒక మెట్టు నొక్కినచో మూడు అంకెలు పోవును. ఉదాహరణకు: 144, 60, 100. ఇందు 144 అనగా ‘మొదటి మార్గమున స్వరము పలికింపుము’ అని ఆజ్ఞ. 60 మెట్టు సంఖ్య. 100 నొక్కిన వేగము. 128, 60, 0 అని పంపినచో స్వరము ఆగును. ఆజ్ఞలన్నియు 128 గాని, అంతకు మించిగాని ఉండును. తక్కిన అంకెలు 127 దాటవు. కావున అందుకొను యంత్రము ఆజ్ఞ ఏదో, వివరమేదో పొరపడదు.

సెకనుకు 31,250 బిట్లు పోవును. ఒక్కొక్క అంకెకు 10 బిట్లు కావలెను గనుక మూడంకెల వార్తకు 0.96 మిల్లీ సెకను పట్టును. మూడు మెట్లు ఒక్కసారి నొక్కినను 3 మిల్లీ సెకన్లు దాటదు. గాలిలో ధ్వని ఒక మీటరు పోవుటకు దాదాపు అంతే కాలము పట్టును. ఇంత స్వల్పమైన ఆలస్యము చెవికి తెలియదు.

మెట్ల క్రింద స్విచ్చులు

మూడున్నర స్థాయిల పెట్టెలో 42 మెట్లుండును. మెట్టుకొక తీగ వేసినచో తీగల అడవి యగును. అందుచేత మెట్లను 6 అడ్డవరుసలు, 7 నిలువు వరుసలుగా భావించి 13 తీగలతోనే పని జరుపవచ్చును. చిన్న గణకము (మైక్రో కంట్రోలర్) ఒక్కొక్క అడ్డవరుసకు వంతుగా విద్యుత్తు పంపి, ఏ నిలువు తీగలో అది తిరిగి వచ్చినదో చూచును. సెకనుకు వేయిసార్లు ఇట్లు వెదకుట దానికి కష్టము కాదు. అయితే ఒక చిక్కు గలదు. దీర్ఘచతురస్రము యొక్క మూడు మూలల మెట్లు నొక్కినప్పుడు విద్యుత్తు వెనుకకు పారి, నాలుగవ మెట్టు కూడ నొక్కినట్లు కనిపించును. ప్రతి మెట్టుకు ఒక డయోడు చేర్చినచో ప్రవాహము ఒకే దిక్కున సాగి ఈ దొంగ స్వరము పోవును.

నేను మొదట మెట్ల క్రింద పలుచని ఇత్తడి రేకులు అమర్చితిని. కొలది వారములకే అవి మసకబారినవి. ఒకనాడు భజన మధ్యలో, నొక్కిన మెట్టు వదలక మునుపే తీగ ఒకటి ఊడినది. ‘పలుకుము’ అను వార్త పోయినది గాని ‘ఆగుము’ అను వార్త పోలేదు. స్పీకరులో పంచమము ఆగక మ్రోగుచుండగా భజనవారు నావైపు చూచిన చూపు మరువరానిది. 176, 123, 0 అని పంపినచో ఆ మార్గములోని స్వరములన్నియు ఆగును. అందుకొక ప్రత్యేకమైన మీట ఉంచవలెనని ఆనాడు నేర్చితిని.

తరువాత రేకులకు బదులు రీడ్ స్విచ్చులు వాడితిని. ఇవి గాజు గొట్టములో రెండు లోహపు రేకులు గలవి. అయస్కాంతము దగ్గరకు రాగానే కలియును. మెట్టు ముందరి కొన క్రింద చిన్న అయస్కాంతము అంటించి, స్విచ్చును దాని దిగువ నిలిపిన చాలును. పెట్టెకు రంధ్రము చేయ నక్కరలేదు. పలికెడు రీడ్లు ఇత్తడివి గనుక అయస్కాంతము వానిని లాగదు. అయస్కాంతము మాత్రము తేలికగా ఉండవలెను. బరువైనచో మెట్టు తనంత తాను దిగి గాలి కారును.

తిత్తి మాట

హార్మణీలో స్వరము బిగ్గరయగుట మెట్టు నొక్కుటపై కాదు, తిత్తి నొక్కుటపై ఆధారపడును. కావున గాలి గదికి సన్నని గొట్టము కలిపి, పీడనమును కొలిచి, దానిని 11వ నియంత్రణ సంఖ్యగా పంపవలెను. ఉపాధ్యాయులు అదే గొట్టమును నీరు పోసిన యు ఆకారపు గాజు గొట్టమునకు తగిలించినచో, తిత్తి కదలికతో నీటి మట్టము మారుటను తరగతిలో చూపవచ్చును.

లాభమేమి?

శ్రుతి ఒకటిన్నర నుండి రెండునకు మార్చవలెనన్న, ప్రతి మెట్టు సంఖ్యకు 1 కలిపిన చాలును. అయితే ఆ వేళ పెట్టె స్వరమును మూసి స్పీకరునే వినవలెను.

ఇంతకంటె లోతైన విషయము మరొకటి గలదు. 1940లో ఆకాశవాణి హార్మోనియమును నిషేధించినది. 1971 వరకు ఆ నిషేధము సడలలేదు. అది గమకములు పలుకదనియు, దాని స్వరస్థానములు మన సంగీతమునకు సరిపోవనియు ఆక్షేపణ. షడ్జము 261.6 కంపనములైనచో శుద్ధమైన అంతర గాంధారము 327 కంపనములు కావలెను. సమాన విభాగపు మెట్టు 329.6 పలుకును. తంబురా పక్కన ఈ తేడా చెవికి తగులును. మిడితో పలుకు యంత్రమున గాంధారమును 327కు దింపవచ్చును. గమకమునకు స్వరమును వంచు ఆజ్ఞయు గలదు; దానికి 16,384 మెట్టులున్నవి. కాని వంపవలసిన వ్రేలికి మెట్టుపై జారుటకు చోటు లేదు. అందుకు వేరొక చక్రము కావలెను.

కాబట్టి ఈ పరికరము స్వరస్థానముల దోషమును తీర్చగలదు. గమకమును మాత్రము వాయించువాని చేతికే విడిచిపెట్టును. పాత పెట్టె గల పాఠశాలలలో విద్యార్థులు ముందుగా ఎనిమిది మెట్లకు దీనిని అమర్చి చూడవచ్చును. విద్యుత్తు, అయస్కాంతము, పీడనము, ధ్వని అను నాలుగు పాఠములు ఒక్క పెట్టెలోనే దొరకును.